పదిహేనో తేదీ చుట్టూ ఎర్రగీత

ఒట్టు... ఇది నిజంగా జరిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మిగతాది చెప్పే ధైర్యం నాకుండదు. నా ఒట్టుకు విలువెంతో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా ఆఫీసులో పనిచేస్తానని మీకు తెలుసు. విదేశాల్లో పాట తీయాలంటే వీసాలు, గదులు, పడవలు, తేదీలు అన్నీ నా నెత్తినే. ఈసారి గ్రీసులో ఒక చిన్న దీవి. తెల్ల గోడలు, నీలం గుమ్మటం ఉన్న చర్చి, కింద సముద్రం. దర్శకుడు ఫోటో చూసి, తీస్తే అక్కడే తీస్తానని కూర్చున్నాడు.

అక్కడికి ఎప్పుడు వెళ్ళాలన్నది చిన్న విషయం కాదు. వాళ్ళ పండగ వస్తే ఆ దీవిలో చర్చి ఇవ్వరు, గది దొరకదు, పనివాళ్ళు రారు. అందుకని పండగలు తప్పించి తేదీలు వేయాలి. మా ఆఫీసులో తేదీ అనగానే ముందు పంచాంగం తీస్తారు. అమావాస్య చూస్తారు, వర్జ్యం చూస్తారు, హీరో గారికి ఎప్పుడు కుదురుతుందో చూస్తారు. అవతలి ఊరి సంగతి ఆ తర్వాతే. నేను గోడమీది క్యాలెండర్‌లో ఈస్టర్ ఎప్పుడో చూశాను. అది దాటాక అయిదు వారాలకు తేదీలు వేశాను. అమ్మయ్య, పండగ వెళ్ళిపోయింది కదా అనుకున్నాను.

మా ప్రొడక్షన్ మేనేజర్ ఏసుపాదం గారు ఆ కాగితం చూశారు. తెనాలి వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. ఏదైనా తేడాగా కనిపిస్తే దాన్ని బల్లమీద రెండుసార్లు కొట్టేవారు. టక్... టక్. ఆ రోజూ కొట్టారు.

"మా ఈస్టర్ వేరు, వాళ్ళ ఈస్టర్ వేరు తల్లీ. వాళ్ళ సంఘం వేరు, తేదీల లెక్కా వేరు. అక్కడి మనిషిని ఒక్కమాట అడిగి ఖాయం చెయ్యి," అన్నారు.

సరేనండీ అన్నాను. అడగలేదు. క్యాలెండర్ ఉండగా ఎవర్నో అడగడమేంటి అని పొగరు.

బయల్దేరడానికి పన్నెండు రోజుల ముందు ఆ దీవిలో మా పనులు చూసే ఎలేని అనే ఆవిడ రాసింది. మీరు దిగేది మా గుడ్ ఫ్రైడే నాడు, ఆ వారం ఇక్కడ మీకు ఏమీ దొరకదు అని. అంతా రద్దయింది. హీరోయిన్ వేరే సినిమాకు వెళ్ళిపోయింది.

నిర్మాత గారు నన్ను లోపలికి పిలిచారు. "ఈ తేదీలు ఎవరిచ్చారు?" అన్నారు.

నేనేమన్నానో చెబుతాను. ఎలా అన్నానో అలాగే చెబుతాను. "ఏసుపాదం గారేనండీ... ఆయన క్రిస్టియన్ కదా, ఈస్టర్ సంగతి ఆయనకు తెలుస్తుంది కదా అని నమ్మాను" అన్నాను.

ఎవరూ అనుమానించలేదు. అదే నాకిప్పటికీ సిగ్గు. ఆ అబద్ధం ఆయనకు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. సాయంత్రం ఆయన్ని పిలిచి, ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి అన్నారు. కారణం చెప్పలేదు, ఆయనా అడగలేదు. పెన్సిల్ జేబులో పెట్టుకుని కిర్రుచెప్పులతో మెట్లు దిగిపోయారు. నేను జిరాక్స్ మిషన్ వెనక నిలబడి, కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

ఇప్పుడు అసలు సంగతి. ఒక గురువారం రాత్రి జరిగింది.

పాట ఆగస్టుకు మార్చారు. పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా హీరో గారు ఖాళీ. చర్చి ముందు తీసే భాగం పదిహేనున పెట్టాను. మనకు స్వాతంత్ర్య దినం, అందరికీ సెలవు, ఏ గొడవా ఉండదు. అక్కడ పదిహేను అంటే ఏమిటో చూడాలన్న ఆలోచనే రాలేదు. చూశారా, ఒకసారి కాలినా బుద్ధి రాలేదు. ఆ సాయంత్రమే తెల్ల ఛార్టు కొత్తది తెచ్చి, నీలం మార్కరుతో తేదీలు రాసి, నా కుర్చీ వెనక గోడకు అంటించాను.

ఎలేని ఆఫీసు మూసేవేళకు ఇక్కడ తొమ్మిది దాటుతుంది. అప్పుడు ఆవిడ చేస్తానన్న ఫోను కోసం ఒక్కదాన్నే కూర్చున్నాను. బయట వాన. కింద గేటు దగ్గర వాచ్‌మన్ మల్లేశ్ ఒక్కడే ఉన్నాడు.

ఫోను వచ్చింది. గదుల గురించి మాట్లాడుతున్నాం, తేదీల దాకా ఇంకా రాలేదు. మధ్యలో గంట వినిపించింది. చర్చి గంట. డంగ్... చాలాసేపు ఏమీ లేదు... మళ్ళీ డంగ్. ఎవరో పోతే కొట్టేంత నెమ్మదిగా. వాళ్ళ ఊరి గంట కాబోలు అనుకున్నాను. అంతలో లైను తెగింది.

ఫోను బల్లమీద పెట్టాను.

డంగ్...

ఫోను వైపు చూశాను. తెర నల్లగా ఉంది. చేత్తో తాకాను. చల్లగా ఉంది.

డంగ్...

ఆగిపోయింది. వాన చప్పుడు కూడా వినిపించడం లేదు. వాన తగ్గిందా, నా చెవులే పనిచేయడం లేదా... తెలీదు. అప్పుడు మెట్లమీద కిర్రు... కిర్రు... తొందర లేదు ఆ నడకకు. వరండా దాటింది. గదిలోకి వచ్చింది. నా కుర్చీ వెనక ఆగింది.

వెనక్కి తిరగాలి. మెడ తిరగలేదు.

టక్... టక్.

నా వెనకే. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో.

తర్వాత కాగితంమీద పెన్సిల్ గీసుకుంటున్న చప్పుడు. కర్... ర్... ర్... గుండ్రంగా తిప్పినట్టు. ఒకసారి. మళ్ళీ దానిమీదే ఇంకోసారి.

ఎంతసేపటికి తిరిగానో చెప్పలేను. ఎవరూ లేరు. ఛార్టుమీద పదిహేను చుట్టూ ఎర్రగీత ఉంది. తాజాదేనా అని వేలితో తాకాను. వేలికి ఎరుపు అంటింది.

మెట్లమీద మళ్ళీ అడుగులు. ఈసారి గట్టిగా అరిచాను. వచ్చింది మల్లేశ్.

"ఏమైంది మేడమ్? ఎవలన్నా వచ్చిండ్రా? పెద్దసారు చెప్పుల సప్పుడైతే జర చూద్దామని వచ్చిన."

"ఏ పెద్దసారు?"

"గదే, మన ఏసుపాదం సారు. గని గేటు దాటి ఎవ్వలు రాలే మేడమ్. నేను గాడనే కూసున్న."

అప్పటికప్పుడు ఎలేనికి ఫోను చేశాను. పదిహేనున ఏమైనా ఉందా అన్నాను. ఆవిడ నవ్వింది. "మీకు తెలీదా? ఆ రోజు మేరీ మాత పండగ. వేసవి మొత్తానికి మాకు అదే పెద్దది. దీవి అంతా చర్చి దగ్గరే ఉంటుంది. వారం ముందునుంచే పడవల్లో చోటుండదు."

ఇందాక గంట కొట్టారు కదా అని అడిగాను. గంటా... మా దగ్గర ఏ గంటా మోగలేదే అంది.

తేదీలు సెప్టెంబరుకు మార్పించాను. నిర్మాత గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఈ పిల్ల ఉండబట్టి గట్టెక్కాం అన్నారు. నాకు తలకొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం వెంగళరావు నగర్‌లో ఏసుపాదం గారింటికి వెళ్ళాను. అంతా చెప్పేసి కాళ్ళమీద పడదామనే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూడా కూర్చుకున్నాను. వాళ్ళావిడ కాఫీ ఇచ్చారు. ఆయన మొహం విప్పారింది. "నువ్వొక్కదానివే వచ్చావు తల్లీ. ఇన్నేళ్ళు చేశానా, ఒక్కరు ఫోను చెయ్యలేదు," అన్నారు.

గురువారం రాత్రి బయటికెక్కడికైనా వెళ్ళారా అని అడిగాను. "ఎక్కడికమ్మా? జ్వరంతో మంచం దిగలేదు. రాత్రంతా పక్కనే కూర్చున్నాను," అన్నారు వాళ్ళావిడ.

"బాబాయ్ గారూ, ఆగస్టు పదిహేనున ఏముంటుందండీ?"

"ఏముంటుంది, జెండా పండగేగా."

"గ్రీసులో మేరీ మాత పండగంట."

"అవునా? మా సంఘంలో ఆ పండగ లేదమ్మా. నాకూ ఇప్పుడు నువ్వు చెబితేనే తెలిసింది," అన్నారు.

ఆయన జేబులో పెన్సిల్ ఉంది. ఒకసారి చూపించమన్నాను. నీలం కొస ఉంది. ఎరుపు కొస చెక్కలోపలికి విరిగిపోయి ఉంది. "ఆ రోజు మెట్లు దిగుతుంటే కిందపడి విరిగిందమ్మా. చెక్కుదామనుకుంటూనే ఉన్నా, ఇప్పుడు దాంతో పనేముందిలే," అన్నారు.

ఇక చెప్పేయాలి. నోరు తెరిచాను. ఆయనే ముందు మాట్లాడారు.

"ఒక్కటడుగుతా, దాచకుండా చెప్పు తల్లీ. నేను చేసిన తప్పేంటో... ఆఫీసులో ఎవరికైనా తెలుసా?"

వాళ్ళావిడ కూడా గుమ్మంలో ఆగి నా వైపు చూశారు.

"తెలీదండీ," అన్నాను.

గేటుదాకా వచ్చి, వానొచ్చేలా ఉంది జాగ్రత్త అని సాగనంపారు. సందు చివర ఆటో ఎక్కుతుంటే వెనకనుంచి... టక్... టక్. నేను తిరిగి చూడలేదు.

దయ్యమందామంటే ఆయన బతికున్న మనిషి. ఆయనే అందామంటే ఆ పండగ సంగతే ఆయనకు తెలీదు. పోనీ, నేనే ఆ గీత గీసి మరిచిపోయానా? నా వేలికి ఎరుపు అంటిన మాట నిజం. కానీ మల్లేశ్ విన్న చెప్పుల చప్పుడు ఎవరిది? ఆఫీసంతా వెతికాను. ఎర్ర పెన్సిల్ ఒక్కటీ దొరకలేదు. ఆ వచ్చిందేదో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా తప్పు దిద్ది వెళ్ళిపోయింది. దానికే నాకు ఇంకా భయం.

మా అమ్మ అంటూ ఉంటుంది, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని. నేను తొక్కాను. కడుక్కోలేదు.

చూశారా, మీకైతే పొల్లు పోకుండా చెప్పేశాను. వెంగళరావు నగర్ ఇక్కడికి పావుగంట దారి. మళ్ళీ వెళ్ళలేదు.