పైన ఇల్లు లేని మెట్లు

బెంగళూరు దగ్గరి దొడ్డబళ్ళాపురంలో మా చిన్నప్పుడు... మా ఇంటికి బయటనుంచి సిమెంటు మెట్లు ఉండేవి. ఎక్కితే పైన ఏమీ లేదు. ఎండకు కాగే మిద్దె, మూలల్లో తుప్పు పట్టిన ఇనుప కమ్ములు... అంతే.

నాకూ తమ్ముడికీ అదే పెద్ద వింత. వడియాలు పెట్టుకోవడానికి నిచ్చెన చాలదా?

ఆ మెట్ల కోసం ఇంట్లో గొడవ కూడా అయిందట. నాన్న వేరేవాళ్ళ మరమగ్గాల షెడ్డులో పట్టుచీరలు నేసేవాడు. ఇల్లు కట్టగా మిగిలినదాంతో మోపెడ్ కొనుక్కోవాలని ఆయన ఆశ. అమ్మేమో మెట్లు కట్టించింది. నాన్న చాలా ఏళ్ళు సైకిల్ మీదే పనికి వెళ్ళాడు...

ఒకరోజు వడియాలు పెడుతుంటే అడిగేశాను.

"అమ్మా, ఈ మెట్లు ఎవురికి?"

"పైన ఇల్లు లేస్తాది పాపా. బాడిగకుండేవాళ్ళు ఎక్కల్ల కదా."

"ఎప్పుడు లేస్తాది?"

"మీ నాయనకు ఒళ్ళు అలిసేలోపల లేవల్ల. ఎన్నాళ్ళని ఒకరి మగ్గం కాడ నిలబడతాడు?"

ఆ రోజు నుంచి మాకు అదే ఆలోచన. ఎవరొస్తారు? ఏ భాష మాట్లాడతారు? మాతో ఆడుకునే పిల్లలుంటారా? ఆ లేని ఇంట్లోకి ఎంతమందిని దింపామో!

అమ్మ చీటీలు కట్టీ కట్టీ, నేను కాలేజీకి వచ్చేసరికి పై ఇల్లు లేపింది. తర్వాత కొన్నాళ్ళకే షెడ్డు యజమాని మగ్గాలన్నీ అమ్మేశాడు. మా వీధిలో చాలామంది పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సులెక్కారు. నాన్న మాత్రం ఆ మగ్గాల్లోనే ఒకటి కొని ఇంటి వెనక పెట్టుకున్నాడు. పైన అద్దెకు దిగినవాళ్ళిచ్చే బాడిగతో ఇల్లు గడిచేది.

తనకు నచ్చిన రంగుల్లో ఆయన నేసిన మొదటి చీర అమ్మకే. "ఇది అమ్మేది కాదు, కట్టుకో" అన్నాడు. అమ్మ దాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది...

పోయినేడాది మా ఇద్దరినీ పిలిచింది. "కింద తమ్ముడికి, పైన నీకు. రాయించేసినాం. మేం పోయినాక కొట్లాడుకోకూడదు."

"కొట్లాడితే మీయమ్మ దిగొస్తాది" అన్నాడు నాన్న. అందరం నవ్వేశాం.

ఇప్పుడు బెంగళూరు సర్జాపుర రోడ్డులో మా ఫ్లాట్లో ఉంటూ నేనూ నా కూతురి కోసం నెలనెలా డబ్బు దాస్తున్నాను. అంతా ఫోన్‌లోనే... తన కంటికి కనపడేదేమీ లేదు. అందుకేనేమో, "ఇదెందుకమ్మా?" అని ఒక్కసారీ అడగలేదు.

రేపటి కోసం మీ పెద్దవాళ్ళు చేసిన ఏ పని మీకు అప్పట్లో వింతగా అనిపించింది? రాయండి... మా పాపకు చదివి వినిపిస్తాను.