మా జున్నుకు సెలైన్ పెట్టడం నేర్చుకున్నాను

ఆ ఉదయం బట్టలు నానబెడదామని బాత్రూంలోకి వెళ్లాను. మా పిల్లి జున్ను ముందు కాళ్లు బకెట్ అంచు మీద పెట్టి, మెడ లోపలికి వంచి నీళ్లు తాగుతోంది. నా అడుగుల చప్పుడు విని కూడా తల ఎత్తలేదు. పదమూడేళ్లుగా అది నా దగ్గర ఉంది. మే నెల ఎండల్లో సైతం గిన్నెలో నీళ్లు అలా నాకి వదిలేసేదే తప్ప, ఆపకుండా అంతసేపు తాగడం నేనెప్పుడూ చూడలేదు. చూస్తూ నిలబడ్డాను. ఎందుకో మనసు కీడు శంకించింది.

మాది కోరుట్ల. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. మా ఆయన మస్కట్‌లో పని చేస్తాడు. పెళ్లయిన కొత్తలో వెళ్లిన మనిషి, రెండేళ్లకోసారి వచ్చి పోతుంటాడు. మాకు పిల్లలు లేరు. జున్ను కూనగా ఉన్నప్పుడు వానకు తడిసి మా గేటు కింద నుంచి దూరి వచ్చింది. అప్పటి నుంచి మిషన్ పక్కన కత్తిరింపు ముక్కల గుట్ట మీదే దాని పడక. రోజంతా నేను మాట్లాడేది దానితోనే. ఇంట్లో ఇంకొకరు లేరు.

ఎండల వల్లేమోనని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఒళ్లు తగ్గడం మొదలైంది. నిమురుతుంటే వెన్నెముక వేళ్లకు తగిలేది. బొచ్చు నాక్కోవడం మానేసింది. నోరు దగ్గరికి తెస్తే ఒక ఘాటు వాసన. తెల్లటి నురుగు కక్కుకునేది. దానికి ఒంట్లో బాగాలేదని చెబితే మెడికల్ షాపు అతను జ్వరం గోళీ అందించాడు. మనసొప్పక వేయలేదు. పారాసెటమాల్ పిల్లికి విషంతో సమానమని తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది.

కూరగాయల బుట్టలో పాత చీర పరిచి, పైన ఇంకో బుట్ట బోర్లించి కట్టి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ అందరూ బర్రెలతో, మేకలతో వచ్చినవాళ్లే. బుట్టలోంచి అరుపు విని ఒకాయన, "పిల్లికి గూడ దవాఖాననా?" అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. డాక్టర్ మాత్రం నవ్వలేదు. చిగుళ్లు చూశాడు, కడుపు నొక్కి చూశాడు.

"వయసు మీద పడ్డది గదమ్మా, కిడ్నీ కావచ్చు. బ్లడ్ టెస్ట్ చెయ్యాలె. ఇక్కడ గా సౌలత్ లేదు. జగిత్యాల తీస్కపోండి."

జగిత్యాలలో పెట్ క్లినిక్ నడిపే డాక్టర్ ఒక ఆడమనిషి. ముందు కాలి మీద కాస్త బొచ్చు గీసి రక్తం తీసింది. రిపోర్ట్ వచ్చాక నన్ను కూర్చోమంది.

"రక్తంల క్రియాటినిన్ బాగా పెరిగిందమ్మా. క్రానిక్ కిడ్నీ డిసీజ్. స్టేజ్ త్రీ."

"మందులు వాడితే తగ్గుతదా మేడం?"

"తగ్గది. పాడైన కిడ్నీ మల్ల బాగ్గాదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలె. మంచిగ చూస్కుంటే కొన్ని పిల్లులు ఏండ్లు గూడ బతుకుతయి. ఎంత కాలం అనేది నేను చెప్పలేను."

తిరుగు బస్సులో బుట్ట ఒళ్లో పెట్టుకుని మా ఆయనకు ఫోన్ చేశాను. పనిలో ఉన్నాడేమో, ఎత్తలేదు. ఇంకెవరికి చెప్పాలా అని ఫోన్లో పేర్లన్నీ చూశాను. పిల్లికి కిడ్నీ జబ్బు అంటే వినేవాళ్లు ఒక్కరూ తోచలేదు. ఫోన్ సంచిలో పడేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పొద్దుగూకాక ఆయనే చేశాడు. అంతా విని, "ముసల్ది అయింది గదనే. గంత పరేషాన్ గాకు" అన్నాడు. కసురుకోలేదు. అయినా ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ ఖాళీగా అనిపించింది.

మొదట కొన్ని రోజులు క్లినిక్‌లోనే డ్రిప్ ఎక్కించారు. రోజూ బస్సులో తిప్పితే భయానికే అది సగమవుతోందని, తర్వాత ఇంట్లోనే చర్మం కింద సెలైన్ పెట్టడం డాక్టర్ నాకు నేర్పింది. భుజాల మధ్య చర్మం పైకి పట్టుకుంటే చిన్న గుడారంలా లేస్తుంది. అందులోకి సూది. సెలైన్ దిగుతుంటే చర్మం కింద ఉబ్బు వస్తుంది, కాసేపటికి అది కాలి వైపు జారి కలిసిపోతుంది.

పొద్దస్తమానం సూదితోనే నా బతుకు. కానీ ఇంట్లో మొదటిసారి ఆ సూది పట్టుకున్నప్పుడు ఆ అలవాటు పనికిరాలేదు. చర్మంలో ఒక పక్క గుచ్చితే రెండో పక్క బయటికొచ్చి సెలైన్ అంతా నా చీర మీద కారింది. జున్ను విదిలించుకుని మంచం కిందికి పోయింది. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. ఒకరు పట్టుకుంటే ఒకరు గుచ్చే పని అది. నాకు ఉన్నవి రెండు చేతులే. మర్నాడు సీసా కిటికీ చువ్వకు వేలాడదీసి, జున్నును తువ్వాల్లో చుట్టి మోకాళ్ల మధ్య పెట్టుకుని మళ్లీ ప్రయత్నించాను. ఈసారి ఎక్కింది.

తిండి ఇంకో యుద్ధం. కిడ్నీ పిల్లుల కోసం చేసిన రీనల్ ఫుడ్ గింజలు పార్సిల్ తెప్పిస్తే, వాసన చూసి, మలం కప్పినట్టు కాలితో నేలను గోకి వెళ్లిపోయింది. దానికి ప్రాణమైన ఎండు చేపలు ఉప్పు వల్ల మాన్పించాల్సి వచ్చింది. డాక్టర్‌ను అడిగితే, "ఏం తినకుంట ఉండుడు కన్న ఏదో ఒకటి తినుడు మేలు" అంది. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసంలో ఆ గింజలు కొన్ని నూరి కలిపాను. మెల్లగా అలవాటు పడింది. వాంతులు తగ్గాయి. ఒక మధ్యాహ్నం చూస్తే ఎండలో కూర్చుని ఒళ్లు నాక్కుంటోంది. అంతకు ముందు అదేం పెద్ద విషయంలా కనబడేది కాదు. ఆ రోజు మిషన్ ఆపి చూశాను.

కొలతలకు వచ్చిన ఒకామె గుమ్మం దాటాక, "పిల్లలు లేరు గద, పాపం, గా పిల్లి మీదనే పానం పెట్టుకున్నది" అని పక్కావిడతో అనడం నాకు వినబడింది. జాలిగానే అంది. ఆ జాలే గుచ్చుకుంది.

మా చెల్లెలు లత సిరిసిల్లలో ఉంటుంది. దాని బిడ్డ శ్రావ్య పెళ్లి కుదిరింది. నేను పెద్దమ్మను, వెళ్లక తప్పదు, వెళ్లాలనీ ఉంది. డాక్టర్‌ను అడిగితే, "ఒక్క రోజు సెలైన్ తప్పినా పర్వాలేదు, ఎక్కువ తప్పొద్దు" అంది. జున్నుకు తిండి పెట్టమని పక్కింటి షాహీన్‌కు తాళం ఇచ్చాను. ఆమెకు పిల్లులంటే ఇష్టం, కానీ సూది అంటే భయం. పెళ్లయిన మర్నాడే వచ్చేస్తాలే అనుకుని ముందు రోజే సిరిసిల్ల వెళ్లాను.

పెళ్లిరోజు పొద్దున శ్రావ్యకు పసుపు పూస్తుండగా షాహీన్ ఫోన్ చేసింది.

"అక్కా, జున్ను లేస్తలేదు. రాత్రి నుంచి ఏం ముట్టలే. మెడ గూడ నిలబెడ్తలేదక్కా, తల కిందికే వాలుతుంది. నాకు భయమైతుంది."

పసుపు చేతులతోనే లేచాను. లతను పక్కకు పిలిచి చెప్పాను. మొదట దానికి అర్థం కాలేదు.

"పిల్లి కోసమా? ఇంకో రెండు గంటలైతే లగ్గం. నా బిడ్డ లగ్గం చూడవా అక్కా?"

"సచ్చిపోతదే. నేను తప్ప దానికి ఎవ్వరు లేరు."

"మాకు మాత్రం ఎవ్వరున్నరు? అమ్మ ఉన్నదా, నాన్న ఉన్నడా? నువ్వే గద పెద్దదానివి." లత మొహం తిప్పుకుంది. "పో. నలుగురు అడిగితే ఏం చెప్పుకోవాల్నో నేనే చెప్పుకుంట. ఇగ మా ఇంటికి రాకు."

శ్రావ్య పీట మీద నుంచి నన్నే చూస్తోంది. దగ్గరికి వెళ్లి నెత్తి మీద చేయి వేసి దీవించాను. కారణం చెప్పలేకపోయాను. బ్యాగు తీసుకుని బస్టాండ్‌కు నడిచాను. వేములవాడ మీదుగా కోరుట్ల చేరేసరికి షాహీన్ జున్నును తువ్వాల్లో చుట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఇద్దరం ఆటోలో జగిత్యాల వెళ్లాం.

"పొటాషియం పడిపోయిందమ్మా. అందుకే మెడ లేస్తలేదు" అంది డాక్టర్. "రేపటిదాక ఆగితే కష్టమయ్యేది."

పొటాషియం కలిపి మెల్లగా డ్రిప్ ఎక్కించారు. ఆ సాయంత్రం క్లినిక్ బెంచీ మీద కూర్చుని ఉంటే మా ఆయన ఫోన్ చేశాడు. లత ఆయనకు అంతా చెప్పిందట. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మా అమ్మ పోతే నేను రాలేకపోయిన" అన్నాడు. "నువ్వు పిల్లి కోసం లగ్గం ఇడిసిపెట్టి అచ్చినవ్."

తప్పు పట్టాడో, తనకు తానే చెప్పుకున్నాడో ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు. అవతల ఆయన ఒక్కడే, ఇవతల నేను ఒక్కదాన్నే.

మూడో రోజుకు జున్ను తల ఎత్తి నా వైపు చూసింది. వారానికి ఇంటికి తెచ్చుకున్నాను. లత మాత్రం ఫోన్ ఎత్తలేదు. పెళ్లి ఫొటోలు వేరే బంధువుల స్టేటస్‌లలో చూశాను.

ఒక రోజు సెలైన్ పెడుతుంటే షాహీన్ వచ్చి పక్కన కూర్చుంది. "నాకు గూడ నేర్పు అక్కా. గా రోజు నా చేతిల పానం పోతదేమో అనుకున్న. మల్ల గట్ల గావద్దు" అంది. మొదటిసారి కళ్లు మూసుకుని "యా అల్లా" అంటూ గుచ్చింది. సూది సరిగ్గానే దిగింది. ఇప్పుడు నాకన్నా నెమ్మదిగా, శ్రద్ధగా పెడుతుంది.

ఆ ధైర్యంతోనే పోయిన నెల శ్రావ్య శ్రీమంతానికి పిలవకపోయినా వెళ్లాను. రెండు రోజులు ఉన్నాను. శ్రావ్య చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. లత అన్నం వడ్డించింది కానీ మాట్లాడలేదు. నేను బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే గడపలోకి వచ్చి, "ఉన్నదా నీ పిల్లి?" అంది.

"ఉన్నది."

"తింటున్నదా?"

"కొద్దికొద్దిగ."

తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. అంతే. అయినా ఆ రెండు ప్రశ్నలు బస్సులో దారంతా నాతో ఉన్నాయి.

జున్ను ఇప్పుడు బాగా చిక్కిపోయింది. క్రియాటినిన్ మళ్లీ కొంచెం పెరిగిందని మొన్న డాక్టర్ చెప్పింది. ఎన్నాళ్లుంటుందని నేను అడగడం మానేశాను. ఇది చదివేవారిలో నాలాగా ఒంటరిగా ఉండి జబ్బు పిల్లిని చూసుకునేవాళ్లు ఉంటే ఒక్క మాట చెబుతాను. సూది వేయడం, మందు మింగించడం మీతో పాటు ఇంకొక్కరికి నేర్పండి. అది నీరసించిపోయాక కాదు, తిని తిరిగే రోజుల్లోనే నేర్పండి. ఎవరినైనా అడగాలంటే మొహమాటంగా ఉంటుంది, నవ్వుతారేమో అనిపిస్తుంది. అయినా పక్కింటి తలుపు తట్టండి.