ఎర్రబడిన జడ

అది 1957. ఎండలు ముదురుతున్న రోజులు. మహబూబ్‌నగర్ బజారులో మాది పసారి దుకాణం. పసారి అంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. వేర్లు, బెరళ్లు, గింజలు, ఎండిన పూలు, ఆకుల పొడులు అమ్మే దుకాణమన్నమాట. దగ్గుకు కరక్కాయ, తలంటుకు కుంకుడుకాయ, బాలింతలకు శొంఠి, పిప్పళ్లు, అన్నీ మా దగ్గరే దొరికేవి. మా నాయిన కూర్చున్న గద్దె మీదే నేనూ కూర్చున్నాను. సరుకు కట్టివ్వడం ఒక్కటే చేస్తే నాకు తృప్తి ఉండేది కాదు. ఎట్లా వాడాలో చెప్పి, మళ్లీ వాళ్ల నోటితో చెప్పించుకుని గానీ పొట్లం చేతికిచ్చేవాణ్ణి కాదు. "నీ దగ్గర కొంటే బడికి పోయినట్టుంటది" అని గిరాకీలు విసుక్కునేవాళ్లు. విసుక్కుంటే విసుక్కోనీ అనుకునేవాణ్ణి.

తలకు రంగంటే అప్పట్లో మైదాకే. గోరింటాకును మా దిక్కు మైదాకంటాం. ఆడవాళ్లు ఎక్కువగా రంగు కోసం కాదు, చలువ కోసం కొనేవాళ్లు. పెరుగు, మెంతిపిండి కలిపి తలకు పట్టిస్తే వేడి దిగుతుంది, పీచులా ఉన్న జుట్టు మెత్తబడుతుంది. తెల్లవెంట్రుకలు నల్లబడాలంటే మాత్రం ఇంకో పొడి కావాలి. అది నీలి ఆకు పొడి. సాయబులు దాన్ని వస్మా అంటారు. ఈ రెండింటి గుణాలూ ఒకదానికొకటి పడవు. మైదాకుకు ఓపిక ఎక్కువ. చాయ్ డికాషన్ పోసి, నిమ్మకాయ పిండి, ఇనుప మూకుట్లో రాత్రంతా నానబెడితే పొద్దున బాగా పండుతుంది. నీలికి ఓపికే లేదు. గోరువెచ్చని నీళ్లలో అప్పటికప్పుడు కలిపి తలకు పెట్టాలి. నానితే చచ్చిపోతుంది, పులుపు తగిలినా చచ్చిపోతుంది. అందుకే ముందు మైదాకు పెట్టి, కడిగేసి, ఎర్రబడిన వెంట్రుకల మీద నీలి పెట్టాలి. అప్పుడే నలుపు వస్తుంది.

ఒక అంగడి రోజు పొద్దున్నే నడివయసు మనిషి ఒకడు దుకాణం మెట్లెక్కాడు. సన్నటి మనిషి. తలకు పెద్ద రుమాలు చుట్టుకున్నాడు. మెట్ల కింద అతని భార్య చంకలో మూటతో నిలబడింది, పైకి రాలేదు.

"సేటు, తెల్లగైన ఎంటికెలు నల్లగ గావాలె. ఏమన్న మందున్నదా?"

"ఎవరికి?"

"నాకే."

రుమాలు విప్పాడు. నేను చేస్తున్న పని ఆపేశాను. జుట్టు నడుం దాకా జారింది. మా ఇంట్లో ఆడవాళ్లకు కూడా అంత జుట్టు లేదు. పైభాగమంతా తెల్లగీతలు.

"మొగోనివి, గింత జుట్టేందయ్యా?" అన్నాను.

"భాగోతంల ఆడవేషం గడత సేటు. నా పేరు నర్సింలు. మా దిక్కు అందరెరుకే" అన్నాడు, సిగ్గూ గర్వమూ కలిసిన గొంతుతో.

వాళ్ల మేళానికి ఎప్పటినుంచో నాయిక వేషం అతనిదే. నాలుగు రోజుల్లో కొత్తకోట దిక్కు ఒక ఊళ్లో ఆట ఒప్పుకున్నారట. పోయినేడు అదే ఊళ్లో ఆడితే పటేలు ముఖం మీదనే అన్నాడట, "ముసలామె ఏడ్సినట్టున్నది, వేషం పిల్లగానికియ్యరాదా" అని. పిల్లగాడంటే మేళంలో ఉన్న నర్సింలు అక్క కొడుకు, కిష్టయ్య. మీసం ఇంకా సరిగా రాలేదు.

"ఈపారి గూడ గట్లనే కనవడ్డననుకో, నా వేషం పోయినట్టే" అన్నాడు.

"నెత్తిన కొంగు గప్పి నల్ల సవరం కట్టుకోరాదా? ఆడోళ్లు కట్టుకుంటలేరా?"

సవరమంటే ఊడిన వెంట్రుకలు చేర్చి కట్టిన పాయ, జడలో కలిపి అల్లుకునేది. నర్సింలు నన్ను జాలిగా చూశాడు.

"జడేస్తే సవరం చాలు సేటు. నేను కొప్పు ఇప్పాలె. ఆటల మొగుడు ఎళ్లగొట్టినంక నాయిక నడిమిట్ల కూసోని కొప్పు ఇప్పి ఏడుస్తది. జుట్టు జారి భూమ్మీద పడంగనే ఆడోళ్లందరు కొంగులు నోట్లె వెట్టుకుంటరు. సవరమైతే ఊసి చేతికొస్తది. నవ్వరా?"

నాకు ముచ్చటేసింది. మంచి పొడులు చూసి రెండు పొట్లాలు విడివిడిగా కట్టాను. ఎట్లా కలపాలో చెప్పాను. మళ్లీ చెప్పాను. అతనితో చెప్పించుకున్నాను. పాటలు కంఠతా పట్టే మనిషి కదా, ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పాడు.

"కలిపేదెవరు?" అని అడిగితే, "మా బాలమ్మ" అని మెట్ల కిందికి చూపించాడు. ఆమె కొంగు సర్దుకుంది. పైకి రమ్మని నేను పిలవలేదు, ఎందుకంటే మొగుడు ఉండగా ఆడమనిషిని పిలిచి మాట్లాడటం అప్పట్లో మా బజారులో అలవాటు లేదు. చెప్పాల్సింది అతనికి చెప్పాను, అంతే అనుకున్నాను.

నర్సింలు మళ్లీ వచ్చింది రెండు మూడు వారాల తర్వాత. రుమాలు చిన్నదైపోయింది. ఎండకు విప్పి చెమట తుడుచుకుంటుంటే చూశాను, తలంతా కురచగా కత్తిరించి ఉంది.

"అతిమధురం ఇయ్యి సేటు. గొంతుకు" అన్నాడు. "ఇప్పుడు వంత పాడుతున్న. వేషం కిష్టనికిచ్చిన."

"జుట్టేమైందయ్యా?"

కోపంతో వచ్చి ఉంటే బాగుండేది. తిడితే నేనూ తిట్టేవాణ్ణి. అతను నెమ్మదిగా, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. ఆటకు ముందు రోజు బాలమ్మ కలిపిందట. పెండ్లికీ పండుగకూ చేతులకు పెట్టుకునే మైదాకు ఎట్లా కలుపుతారో ఆమెకు బాగా తెలుసు. ఊళ్లో ఏ పెండ్లయినా ఆమె చెయ్యే. రెండు పొట్లాలూ ఒకేసారి మూకుట్లో పోసి, మంచిగా పండాలని చింతపండు పులుసు పిసికి, రాత్రంతా నానబెట్టింది. "విడివిడిగ అన్నడు సేటు" అని ఇతనంటే, "ఎంత నానితే గంత పండుతది, నాకెరుక లేదా" అన్నదట. అతనూ నమ్మాడు. తెల్లారి తలకు పట్టించి, మధ్యాహ్నం కడిగితే, తెల్లవెంట్రుకలన్నీ మోదుగుపూల లెక్క ఎర్రగా తేలాయి.

"అద్దంల చూస్కుంటే నాకే నవ్వొచ్చింది సేటు. మేళపోళ్లందరు నవ్విండ్రు. కిష్టడొక్కడు నవ్వలె. పొద్దుమూకితే ఆట. ఆ తలతోని కొప్పిప్పితే జనం ఊకుంటరా? వేషం కిష్టనికిచ్చిన. ఆ ఎర్రజుట్టుతోని వంతకు నిలవడ్డ నవ్వుతరని మంగలిని పిలిచి కోపిచ్చుకున్న."

వింటుండగానే నాకు తెలిసిపోయింది, ఆ ఎరుపు చెడిపోయిన పని కాదు, సగం అయిన పని. ఇంకో పొట్లం నీలి తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో కలిపి, ఆ ఎర్రటి వెంట్రుకల మీదనే పెట్టుకుని ఉంటే పొద్దుమూకేసరికి నల్లబడేది. పసారి సరుకు కొత్తకోటలోనూ దొరుకుతుంది. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లు. అడగాలని వాళ్లకు తెలియదు. తప్పు జరిగితే ఏం చేయాలో నేను చెప్పలేదు. అన్నేసి మాటలు చెప్పినవాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పలేదు.

ఇప్పుడు చెబితే ఏం లాభం? అతిమధురం తూచి పొట్లం కట్టాను. వెళ్తూ వెళ్తూ అన్నాడు: "బాలమ్మ ఎప్పుడన్న ఇటొస్తే ఏమనకు సేటు. నేనే తప్పు కలిపిన్నని అందరికి చెప్పిన."

వానలు తగ్గుముఖం పట్టాక బాలమ్మ వచ్చింది, ఒక్కతే. ఈసారి మెట్లెక్కింది. మూట విప్పి నా ముందు పెట్టింది. నర్సింలు జుట్టు. కొస దగ్గర దారంతో గట్టిగా కట్టి ఉంది. సగం నలుపు, సగం మోదుగు ఎరుపు. మంగలి కోస్తుంటే కింద పడినదంతా ఏరి దాచిందట.

"కిష్టనికి సవరం గావాలెనట. ఇంట్ల ఉండి ఏం జేస్తది, పిల్లగానికియ్యమని ఆయననే అన్నడు. జర నల్లగ జేసియ్యుండ్రి సేటూ. నేను మాత్రం చెయ్యి వెట్ట."

"నువ్వే పెట్టాలె. నేను పక్కన కూసోని చెప్త" అన్నాను. ఎందుకు పట్టుబట్టానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె చేతి మీద ఆమెకు నమ్మకం పోవడం నాకు బాగా అనిపించలేదు.

దుకాణం వెనక వాకిట్లో కూర్చుంది. నేను చెప్పినట్టే నీళ్లు గోరువెచ్చగా చేసి, చిటికెడు ఉప్పేసి, నీలి పొడి కలిపింది. వెంటనే పాయకు పట్టించింది. పని శుభ్రం, ఒక్క వెంట్రుక వదల్లేదు. కొంతసేపయ్యాక కడిగితే ఆకుపచ్చగా తేలింది. బాలమ్మ మళ్లీ కడగబోయింది.

"ఆగమ్మా, ఇది గాలికి నల్లబడతది. ఎప్పుడైనా గింతే" అన్నాను.

దండెం మీద వేశాం. ఆమె దాని ముందు నుంచి కదల్లేదు. ఆరేకొద్దీ పచ్చదనం తగ్గి, మధ్యాహ్నం దాటేసరికి పాయ అంతా ఒకటే నలుపు. ఎక్కడా ఎరుపు మిగల్లేదు. నాకు పనితనం చూసుకుని సంబరమైంది, ఆ సంబరంలోనే నోరు జారింది.

"మైదాకు కలపనే లేదు గద సేటూ, గింత నల్లగెట్లయింది?" అని ఆమె అడిగితే, "మైదాకు నువ్వు అప్పుడే పెట్టినవు గదమ్మా. ఎర్రగయింది గద. దాని మీద నీలి ఒక్కటి పడితే సాలు" అన్నాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. బాలమ్మ దండెం మీది జుట్టును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అంటే ఆ దినం నెత్తిమీదనే చేయొచ్చుండె."

"చేయొచ్చుండె" అన్నాను.

"గింతసేపే పట్టేదా?"

"గింతసేపే."

ఆమె గోలెం దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. నీలి గోళ్లలోకి దిగితే ఊరికే పోదు. ఎంత తోమినా పోలేదు, ఆమె తోముతూనే ఉంది. ఏడుపు అప్పుడొచ్చింది. అటు తిరిగే అంది: "ఆయనకు చెప్పకుండ్రి. నన్ను కొడతడని గాదు, ఏమనడు. ఎరుకైతే తిండి తినడు, గంతే."

తర్వాతి అంగడికి నర్సింలు వచ్చాడు. అతిమధురం తీసుకుని, కాసేపు కూర్చున్నాడు.

"సవరం మంచిగ నల్లగైంది సేటు. కిష్టనికి మస్తు నప్పింది" అన్నాడు. "కొప్పిప్పే కాడ మాత్రం ఇప్పుడు పాట ఒక్కటే. సవరంతోని వాడు ఇప్పలేడు గద. ఆ ముక్క తీసేసినం ఆటల నుంచి."

నేను తక్కెడ తుడుస్తూ ఉన్నాను.

"ఒకటడుగుత. ఎట్ల జేసినవ్ గంత నల్లగ?"

"హైదరాబాదు నుంచి కొత్త మందొచ్చింది" అన్నాను.

"అప్పుడు లేకుండెనా?"

"లేకుండె."

అతను ఊపిరి వదిలాడు. బస్సెక్కి సీటు దొరికిన మనిషిలా వెనక్కి ఆనుకున్నాడు. "లేకుంటె ఎవలేం జేస్తరు" అన్నాడు. "తొందరవడి కోసుకుంటినేమో, ఏమన్న దారి ఉండెనేమో అని ఒకటే రంది ఉండె సేటు. గది వాయె." ఉట్టి తల ఒకసారి అరచేత్తో నిమురుకుని, రుమాలు చుట్టుకుని మెట్లు దిగాడు. గిరాకీకి అబద్ధం చెప్పింది నా బతుకులో ఆ ఒక్కసారే. చెప్పినందుకు బాధ లేదు. చెప్పాల్సి వచ్చినందుకు ఉంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు దుకాణం నడిపాను. సీసా రంగులు వచ్చాయి, మైదాకు కొనేవాళ్లు తగ్గారు. కొనేవాళ్లు వస్తే మాత్రం రెండు పనులు మానలేదు. కలిపే మనిషి మెట్ల కింద ఉంటే, మొగుడున్నా అత్త ఉన్నా సరే, పైకి పిలిచి ఆమెకే చెప్పాను. కొందరు గునిశారు. "ఏం పసారివయ్యా, చెడిపోతదని ముందే చెప్తున్నవ్" అని కొందరు నవ్వారు. నవ్వినా పొట్లం చేతికిచ్చే ముందు ఈ మాట చెప్పే పంపాను: "ఎర్రగైతే భయపడకు. అది సగం పని. కత్తెర ముట్టకుండ ముందు నా దగ్గరికి రా."