ఫోను సీను

ఆ సినిమా హాల్లో పాప్‌కార్న్ అమ్మే ఆవిడకు అమ్మా నాన్నా పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఎవరికి కావాలి? చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పాప్‌కార్నక్క. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన మేనేజరు కూడా అక్కా అనే పిలుస్తాడు, సిగ్గు లేకపోతే సరి.

ఇన్నేళ్ళుగా అక్కడే పని చేస్తున్నా ఆవిడ ఒక్క సినిమా కూడా కూర్చుని చూసింది లేదు. తీరికెక్కడిది? జనం లోపలికి వెళ్ళగానే కౌంటరు తుడవాలి, కప్పులు పేర్చాలి, ఇంటర్వెల్‌కి గింజలు సిద్ధం చేసుకోవాలి. హాలు తలుపు మాత్రం కౌంటరు పక్కనే. లోపలి మాటలు గుయ్యిమనే రొదగా తప్ప అర్థం కావు గానీ, జనం నవ్వితే స్పష్టంగా వినిపిస్తుంది. ఆ నవ్వులను బట్టే ఆవిడ సినిమాకు వెల కట్టేస్తుంది. ఏ నవ్వు తర్వాత ఇంటర్వెల్ పడుతుందో మొదటి రోజే పట్టేస్తుంది. అది వినపడగానే మిషను స్విచ్చి వేస్తే, జనం బయటికొచ్చేసరికి పాప్‌కార్న్ వేడివేడిగా ఉంటుంది. చల్లారిన సరుకు అమ్మిందన్న మాట ఆవిడ ఎన్నడూ పడలేదు.

ఆ శుక్రవారం వచ్చిన సినిమాకు జనం పడీ పడీ నవ్వారు. పోస్టరు మీద ఒకావిడ చేతిలో ఫోను పట్టుకుని కుర్చీలోంచి జారిపోతూ ఉంటుంది. ఇంటర్వెల్‌కి ముందు నవ్వయితే తలుపు అదిరేట్టు వచ్చేది. "ఆ ఫోను సీను ఉంది చూశావూ" అని ఒకళ్ళను ఒకళ్ళు తట్టుకుంటూ కౌంటరు మీద పడేవారు. రెండో సగంలో లోపల చప్పుడు తగ్గిన మాట నిజమే. ఆట అయ్యాక కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన మాటా నిజమే. ఒక కళ్ళజోడావిడ మంచినీళ్ళ సీసా కొని, అడక్కుండానే, ఏసీ గాలి కళ్ళల్లో కొట్టిందమ్మా అని చెప్పి వెళ్ళింది. ఆవిడ మొగుడు వెనకాలే వస్తూ, ఇలాంటి పెళ్ళాం ఉంటే ఎవడైనా పారిపోడా అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. నవ్వీ నవ్వీ నీళ్ళొచ్చాయి కాబోలు అనుకుంది పాప్‌కార్నక్క. తలుపు అవతల ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది?

ఊరి చివరి కాలనీలో, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళ వరసలో ఆవిడ కాపురం. ఇంట్లో ఆవిడా, అత్తగారూ. మొగుడున్నాడు, అంటే ఎక్కడో ఉన్నాడు. నిరుడు ఎండాకాలం మంచి ఉద్యోగం దొరికిందని బట్టలు సర్దుకుని పోయాడు, పోయినవాడు పోయినట్టే. తర్వాత ఒక్కసారి ఫోను చేసి తన సర్టిఫికెట్లు కొరియరులో పంపమన్నాడు. పంపింది. ఆ తర్వాత నెంబరు పని చెయ్యలేదు. సర్టిఫికెట్లు చేరాయో లేదో కూడా చెప్పలేదు, మహానుభావుడు.

అత్తగారికి చెవుడు. పక్కన కూర్చుని గొంతు చించుకుంటే తప్ప వినపడదు, ఇక ఫోనులో మాటలు వినడం కల్ల. కొడుకు కబురు తెలియడం లేదని ఆవిడ అన్నం మానేసి మూల కూర్చుంటే కోడలికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒకనాడు పొద్దున టీ తాగుతూ తాగుతూ, చచ్చి ఊరుకున్న ఫోనును చెవికి ఆనించుకుని, "ఆఁ, చెప్పండి, అత్తయ్య బాగానే ఉన్నారు" అని అరిచింది. అత్తగారి మొహం విప్పారింది. ఆ పూట రెండు ముద్దలు తింది.

అంతే, అది రోజువారీ పనైపోయింది. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడుగుతున్నారనీ, పడుకునే ముందు నూనె రాయమంటున్నారనీ కోడలు చెబుతుంది. వాణ్ణి వేళకు తినమనవే అంటుంది అత్తగారు. ఆ ముక్క కూడా కోడలు ఫోనుకు అప్పజెబుతుంది. అంత గట్టిగా అరిస్తే వీధి వినదా? వీధికంతటికీ అతను బంగారంలాంటి కొడుకు. తమాషా ఏమిటంటే, తను కల్పించిన ఆ మంచి మొగుడంటే ఆవిడకే కాస్త ఇష్టం పుట్టుకొచ్చింది. పెళ్ళి చేసుకున్నవాడి మీద ఏనాడూ కలగని ఇష్టం అది, ఏం చెప్పమంటారు?

ఈ మధ్య అత్తగారు మళ్ళీ దిగులు పడింది. వస్తానని చెప్పి చెప్పి రాడేమిటని నసుగుతోంది. ఆవిడకు సినిమా అంటే ప్రాణం. "హాల్లో కూర్చుంటే నాకు చెవులు తిరిగొస్తాయే" అంటూ ఉంటుంది, అక్కడి మోతకు ప్రతి మాటా వినపడుతుంది మరి. మనసారా నవ్వితే దిగులు తీరుతుందని పాప్‌కార్నక్క పనివాళ్ళకిచ్చే పాసు అడిగి తీసుకుంది. ఆదివారం మ్యాట్నీకి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తలుపు పక్క సీట్లో కూర్చోబెట్టి కౌంటరుకు వచ్చేసింది.

లోపల నవ్వులు మొదలయ్యాయి. అత్తగారిది ఎక్కిళ్ళలాంటి నవ్వు, వందమందిలో ఉన్నా తెలిసిపోతుంది. అది వినపడిన ప్రతిసారీ కోడలి కడుపు చల్లబడింది. కాసేపటికి ఆ పెద్ద నవ్వు వచ్చింది. స్విచ్చి వేసి చెవులు రిక్కించింది గానీ అందులో ఎక్కిళ్ళ నవ్వు దొరకలేదు. మిషను చప్పుడుకు వినపడలేదులే అనుకుంది.

ఇంటర్వెల్‌లో అత్తగారు బయటికి రాలేదు. మిగతాది కూడా చూసే లేస్తానన్నారని టార్చిలైటాయన కబురు మోసుకొచ్చాడు. బాగా నచ్చినట్టుంది అని పాప్‌కార్నక్క మురిసిపోయింది. ఎదురుగా ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కప్పుల కోసం నిలబడి ఆ సీను ఆడుకుంటున్నారు. ఒకమ్మాయి పిడికిలి చెవికి ఆనించి, "ఆఁ, ఏమండీ, తిన్నారా? పిల్లలు మిమ్మల్నే అడుగుతున్నారు" అంది. రెండో అమ్మాయి ఆ పిడికిలి దగ్గర మూతి పెట్టి ట్రింగ్ ట్రింగ్ అంది. మాట్లాడుతున్న ఫోనే మోగిందే, మొగుడు వదిలేశాడని పక్కింటాళ్ళకు తెలిసిపోయిందే అని ఇద్దరూ విరగబడి నవ్వారు.

పాప్‌కార్నక్క చేతిలో గరిటె జారి పడింది. పరిగెత్తి వెళ్దామంటే కౌంటరు నిండా జనం, అక్కా అక్కా అని చేతులు చాస్తున్నారు. వాళ్ళను వదిలించుకునేసరికి లోపల దీపాలు ఆరిపోయాయి. తలుపు కొంచెం తోసి చూసింది. తెర మీద ఒకావిడ ఒంటరిగా కంచాలు కడుగుతోంది. హాలు ఊపిరి బిగబట్టింది. ఆ వెలుగులో అత్తగారి మొహం రాయిలా ఉంది. లేచి రమ్మనాలంటే గట్టిగా అరవాలి, హాలంతా వింటుంది. తలుపు మూసి, కడిగిన కౌంటరునే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ నిలబడింది. నా చేతులతో నేనే తీసుకొచ్చానే అని ఏడుపు తన్నుకొచ్చింది.

ఆట వదిలారు. జనమంతా వెళ్ళాక అత్తగారు నెమ్మదిగా వచ్చి, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంది. తర్వాతి ఆటకు క్యూ కడుతున్నారు.

"ఆ సినిమాలో పిల్ల అచ్చం నీలాగే మాట్లాడింది" అంది అత్తగారు. "నిజం చెప్పు. వాడు ఫోను చేస్తున్నాడా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడూ చెయ్యలేదా?"

ఒక్కసారి అని వేలు చూపించింది.

"పోనీ, అప్పుడు నా గురించి అడిగాడా?"

ఒక్క అబద్ధం చాలు. ఏడాదిగా పూటకొకటి అల్లిన నోరే అది. తీరా అవసరం పడేసరికి నాలుక తిరగలేదు. లేదత్తయ్యా అంది, తనకే వినపడనంత మెల్లిగా.

"నాకు వినపడలేదే. గట్టిగా చెప్పు."

"అడగలేదత్తయ్యా. మీ గురించి ఒక్క మాట కూడా అడగలేదు."

ఆ మాట హాలు ముందరంతా మార్మోగింది. క్యూ మొత్తం ఇటు తిరిగింది. ఇదివరకే సినిమా చూసి మళ్ళీ వచ్చిన వాడెవడో, అందులో డైలాగు అనుకున్నాడేమో, కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు అత్తగారికి వినపడలేదు, అదొక్కటే నయం.

"మరి నా మోకాళ్ళకు నూనె రాయమన్నదెవరే?"

కోడలు తన చెయ్యి తన గుండెల మీద పెట్టుకుని చూపించింది. అత్తగారు ఆ చేతివైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆ చేతినే లాక్కుని, అందులో మొహం దాచుకుని ఘొల్లుమంది. తన ఏడుపు ఎంత పెద్దగా ఉందో ఆవిడకు తెలియదు, బయట రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

"నిన్నంటే వదిలేశాడు. నన్నెందుకు వదిలేశాడే?"

ఆ మాట కోడలికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా అత్తగారి తలను పొట్టకు అదుముకుని, ఆవిడ ఏడుపు అయ్యేదాకా అలాగే నిలబడింది.