రెండో పళ్ళెం

గల్ఫ్‌లో ఉమ్ సలాల్ అనే ఊళ్ళో విల్లాలు కడుతున్న మా సైటులో నేను స్టోర్‌కీపర్‌ని. అక్కడే ఇద్దరు సూడాన్ వాళ్ళు పనిచేస్తారు. ముసలాయన క్రేన్ ఆపరేటర్, చిన్నవాడు ఎలక్ట్రీషియన్. వాళ్ళ రాజధాని ఖార్తూమ్‌లో ఇద్దరిదీ ఒకటే వీధి. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫూల్ అనే చిక్కుడు గింజల కూరను పెద్ద పళ్ళెంలో పోసి, నూనె వేసి, ఉల్లిగడ్డ చల్లి, ఇద్దరూ అందులోనే తినేవాళ్ళు. దారిన పోయే ప్రతివాణ్ణీ పిలిచేవాళ్ళు. నన్ను పిలిస్తే కడుపు తడిమి నిండిందని అబద్ధమాడేవాణ్ణి. నాకు ఎంగిలి పట్టింపు. మా అమ్మ తాగిన గ్లాసులో కూడా నీళ్ళు తాగని మొండిఘటాన్ని.

ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది. ముసలాయన కొడుకు సైన్యంలో ఉన్నాడు. చిన్నవాడి అన్న ఆ సైన్యంతో కొట్లాడుతున్న దళంలో ఉన్నాడు. ఇక్కడ వీళ్ళిద్దరూ మాటలు మానేశారు. ఒకే పళ్ళెం ముందు తలలు వంచుకుని తినడం మాత్రం మానలేదు. ఆ మౌనం చూసి నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో అన్నదమ్ములకు పడకపోతే వేరు కుంపటి పెడతారు, కొట్లాట సద్దుమణుగుతుంది. ఆ తెలివితోనే ఇంకో పళ్ళెం కొనుక్కొచ్చి, ఫూల్ సగం తీసి ముసలాయన ముందు పెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాను కూడా.

ఆయన చేతిలోని రొట్టె కింద పెట్టాడు.

“మేం మాట్లాడుకోవట్లేదు భాయ్. అంతే. విడిపోలేదు. నువ్వు విడదీశావు” అన్నాడు.

పళ్ళెం తీసుకుని కంటైనర్ నీడకు వెళ్ళిపోయాడు. మర్నాడూ అక్కడే తిన్నాడు. నా ముఖాన పేడ కొట్టినట్టయింది.

ఆ నెలలోనే ఆయన భార్య ఉంటున్న వీధి ఆ దళం చేతికి చిక్కింది. ఆమెకు షుగర్. ఇంట్లో ఇన్సులిన్ నాలుగు రోజులకే ఉంది. బయటపడాలంటే వంతెన దాటాలి. అక్కడ కాపలా చిన్నవాడి అన్న మనుషులది. చిన్నవాడు అన్నకు ఒక్క మాట చెబితే వదిలేస్తారు. ఆ మాట ముసలాయన అడగడు.

“అడుగు చాచా, నీ కాళ్ళు మొక్కుతా. మనిషి పోయినంక అడిగి ఏం లాభం?” అన్నాను.

“నా కొడుకు మీద తుపాకీ ఎత్తినవాళ్ళను ఎలా బతిమాలను?” అన్నాడు.

చిన్నవాడి దగ్గరికి పోయాను. వాడికి అంతా తెలుసు.

“ఆయన నోరు తెరిచి అడగనక్కర్లేదు. వచ్చి నా పళ్ళెంలో చెయ్యి పెడితే చాలు. నాతో తిన్నవాడి ఇల్లు నా ఇల్లే. ఆయన రాకముందే నేనే చేస్తే బిచ్చం వేశాననుకుంటాడు” అన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి ముసలాయన చేతిలోని పళ్ళెం లాక్కుని, తెచ్చి చిన్నవాడి పళ్ళెంలో కుమ్మరించాను. నేనూ కూర్చుని అందులో చెయ్యి పెట్టాను. మొదటి ముద్ద గొంతు దిగడానికి తిప్పలు పడ్డాను, దాచేదేముంది!

“యల్లా, కానియ్ చాచా! నేనే తింటున్న, నీకేం రోగం?” అని అరిచాను.

ఆయన మెల్లగా వచ్చి కూర్చున్నాడు. రొట్టె తుంచి ముంచాడు. చిన్నవాడు చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి ఫోన్ తీశాడు.

రెండో రోజు ఆమె వంతెన దాటింది. ముసలాయన నన్ను పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

వారం తర్వాత స్టోర్‌కు వచ్చి, కొడుకు పంపిన మెసేజ్ నాకు చదివి చెప్పాడు. ‘అమ్మను దాటించింది ఎవరో తెలిసింది, వాడి తమ్ముడితో కలిసి తిన్నావట, ఇక నాకు ఫోన్ చెయ్యకు’ అని ఉంది.

“చిన్నవాడికి చెప్పకు. తెలిస్తే వాడికి ముద్ద దిగదు” అన్నాడు.

ఇప్పుడు ముగ్గురం కలిసే తింటున్నాం. ఎప్పుడైనా ఫోన్ మోగితే ముసలాయన చెయ్యి ఆగిపోతుంది. “కొడుకేనా చాచా?” అని చిన్నవాడు సంబరంగా అడుగుతాడు. నేను తల వంచుకుని తింటాను.