కదలనని చెప్పడం నేర్పిన అత్త

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను విశాఖలో ఆఫీసులో కూర్చుని, ఆవిడ చేసిన పని గురించే ఎవరో అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. అమ్మ చోడవరం నుంచి ఫోన్ చేసింది. "మీ అత్త ఎలిపోయిందే" అంది.  ఫోన్ పెట్టేసి, సగంలో ఉన్న వాక్యం పూర్తి చేశాను. సగంలో వదిలేస్తే అత్త తిడుతుందనిపించింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

పలకరింపుకి వచ్చినవాళ్లలో చాలామంది, "కంప్యూటర్లు బాగుచేసేది కదా, పాపం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. చావింట్లో గొడవ దేనికని ఊరుకున్నాను గానీ, లోపల మాత్రం ఊరుకోలేదు. ఆవిడ ఏం చేసేదో ఒక్కసారైనా సరిగ్గా చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త మా నాన్నకి చెల్లెలు. చాలా ఏళ్లు బెంగుళూరులో ఉద్యోగం చేసింది. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని కంపెనీవాళ్లు అనగానే సామాను సర్దుకుని చోడవరం వచ్చేసి, మా మేడ మీది గదిలో స్థిరపడిపోయింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఖాళీ దొరకలేదు" అనేది. కుర్చీ కొనిస్తామంటే వద్దంది. చాప మీద బాసింపట్టు వేసుకుని, కీబోర్డు పీట మీద పెట్టుకుని పని చేసేది. పక్కన స్టీలు గ్లాసులో టీ చల్లారిపోతూ ఉండేది. దాన్ని అలాగే చల్లగా తాగేసి, "బాగుందొదినా" అనేది. అమ్మకి అదో తలనొప్పి.

కంపెనీవాళ్లు పంపిన పెద్ద కంప్యూటరు పెట్టెలు రెండు ఆ గదిలో గోడవార పక్కపక్కనే ఉండేవి. ఒకదానికి కోటపాడు, రెండోదానికి చీడికాడ అని మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పెట్టింది. వాటి ఫ్యాన్ల హోరు కింద వంటింట్లోకి కూడా వినిపించేది. అమ్మ భోజనానికి పిలిస్తే, "ఉండొదినా, సుట్టం కోటపాడులో బయల్దేరింది. చీడికాడ సేరేక వస్తాను" అని మేడ మీంచి అరిచేది. మొదట్లో ఇరుగుపొరుగువాళ్లు ఎవరో నిజంగానే వస్తున్నారనుకున్నారు.

ఆ చుట్టం ఎవరో చెప్తాను. ఒక పెద్ద కంప్యూటరు లోపల, విడిగా ఇంకో కంప్యూటరు ఉన్నట్టే నడిపించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. పెద్ద పెట్టెకి రిపేరు వచ్చిందనుకోండి. లోపల నడుస్తున్నదాన్ని ఆపకుండా, అందులో పని చేసుకుంటున్నవాళ్లకి తెలియనివ్వకుండా, పక్క పెట్టెలోకి చేర్చాలి. లైవ్ మైగ్రేషన్ అంటే అదే. లోపల నడిచేదాన్ని ఈ రంగంలో అతిథి అంటారు. మా అత్త చుట్టం అనేది.

ఒకరోజు అమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "పొద్దస్తమానూ ఆ గదిలో ఏటి సేస్తన్నావమ్మా?"

అత్త అమ్మని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. "నువ్వు వంట ఆపకొదినా. ఈ అలమరలో డబ్బాలు ఎలగున్నాయో, ఆ ఖాళీ అలమరలోనూ అలగే ఉండాలి. ఏ డబ్బాలో ఎంత సరుకుందో, అక్కడా అంతే. నేనొక్కో డబ్బా సూసి అక్కడ నింపుకుంటూ పోతాను. ఈలోగా నువ్వు కందిపప్పు తీసేవనుకో?"

"తగ్గుతాది."

"మరి? అందుకే నువ్వు ముట్టుకున్న డబ్బా మీద సుద్దముక్కతో గీత పెడతాను. గీతలున్నవి మళ్లీ సరిచేస్తాను. ఆఖర్న ఏ రెండో మూడో మిగిలేక, ఒక్క చిటికెడు సేపు నిన్నాగమని, అవీ సరిచేసి, ఆ అలమర దగ్గరికి పంపించేస్తాను. నీకు తేడాయే తెలీదు."

అమ్మ గరిట పట్టుకుని కాసేపు ఆలోచించింది. "మరి పక్కింటావిడ పెరటి గుమ్మంలోంచొచ్చి చింతపండు పట్టికెళ్తేనో? నువ్వూ సూడవు, నేనూ సూడను."

అత్త చప్పట్లు కొట్టింది. "అదీ! నా ఉద్యోగమంతా ఆ పక్కింటావిడే ఒదినా!"

నిజంగా అంతే. పని వేగంగా జరగాలని, నెట్‌వర్కు కార్డు లాంటి పరికరాన్ని ఒక్కోసారి చుట్టానికి నేరుగా అప్పగించేస్తారు. ఆ కార్డు పెద్ద పెట్టెతో పని లేకుండా, పెరటి దారిన వచ్చి మెమరీలో రాసుకుపోతుంది. ఎక్కడ రాసిందో తెలియకపోతే కదిలించడం కుదరదు. దానికి తోడు వర్చువల్ ఐఓఎంఎంయూ అని ఒక కాపలా ఉంటుంది. కార్డు ఏ డబ్బాలు ముట్టుకోవచ్చో, ఏవి ముట్టుకోకూడదో చుట్టమే దాని ద్వారా చెప్పుకుంటుంది. ఆ రెండూ కలిసి ఉన్నచోట కదలిక కుదరదని ఆవిడ వాడే ప్రోగ్రాములో తలుపు మూసేసి ఉంచారు. ఆ తలుపు తెరవడమే మా అత్త పెట్టుకున్న పని. వెబ్‌సైట్లు చేసుకుంటూ ఉండే నన్ను కూడా ఈ పనిలోకి లాగింది ఆవిడే.

ఆ పని చివరికొచ్చేసరికి కేన్సరు బయటపడింది. వైద్యానికి విశాఖ తిప్పేవాళ్లం. ఇక మందులతో పెద్దగా లాభం లేదని డాక్టరుగారు నన్నూ నాన్ననూ పక్కకి పిలిచి చెప్పారు. ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది, మా మొహాలు చూసి తెలుసుకుంది. అదే సమయానికి, ఆ ప్రోగ్రాములో ఎవరు ఏ మార్పు చేసినా ఇంటర్నెట్‌లో దేశదేశాలవాళ్లు చూసి తప్పులు పట్టే చోట, అత్త పంపిన మార్పుని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఇంక దాన్ని ప్రోగ్రాము లోపలికి తీసుకోవడమే తరువాయి. ఆవిడ బతికుండగా ఆవిడ పేరుతో అది లోపలికి వెళ్లాలి. నాకు అప్పట్లో దేవుణ్ణి అడగడానికి ఇంకో కోరిక లేదు.

ఒకరోజు ఆస్పత్రి నుంచి తిరిగొస్తున్నాం. అనకాపల్లి దాటాక చెరుకు లారీ ఒకటి కారు ముందు నెమ్మదిగా పోతోంది. అత్త కళ్లు మూసుకుని పడుకుందనుకున్నాను. ఉన్నట్టుండి అంది, "ఒసే, మధ్యలో మీ అమ్మ పక్కింటావిడకి ఇంకో డబ్బా ఇస్తేనో?"

"ఏంటత్తా?"

"బయల్దేరినప్పుడు ఏ డబ్బాలకి అనుమతుందో వాటినే కార్డుని గుర్తులెట్టమన్నాను. దారి మధ్యలో సుట్టం కొత్త డబ్బాకి అనుమతిచ్చిందనుకో. కార్డు దాంట్లో రాస్తాది. గీత పడదు. నేను తప్పు సేసేనే."

నాకు భయమేసింది. తప్పు గురించి కాదు, ఆవిడ దాన్ని అందరికీ చెప్పేస్తుందని.

ఇంటికొచ్చాక గొడవ పడ్డాను. ముందు లోపలికి వెళ్లనీ, తర్వాత దిద్దుకుందాం, అందరూ అలాగే చేస్తారు అన్నాను. ఏడ్చి మరీ అన్నాను. ఆవిడ మాత్రం గొంతు పెంచలేదు.

"ఆగిపోతే తెలుస్తాదే గుంటా. తప్పుగా నడిస్తేనే తెలీదు. ఏ ఆస్పత్రిలో ఎవులి రక్తప్పరీక్షో ఆ డబ్బాలో ఉంటాది. మిషను నడుస్తానే ఉంటాది. లోపల మాత్రం పాత సరుకు. ఎవులికి సెప్పుకుంటారు?"

"తెలిసినప్పుడు దిద్దుదాం అత్తా."

"దిద్దడానికి నేనుండాలి కదే."

 అత్త మర్నాడు పొద్దున్నే అందరూ చూసే చోటే రాసింది: నా మార్పులో తప్పుంది, దయచేసి తీసుకోవద్దు అని. ఎక్కడ తప్పో, ఎలా బయటపడుతుందో విడమరిచి చెప్పింది. రాశాక టీ అడిగింది. ఆ ఒక్కరోజు వేడిగా తాగింది.

కొత్తది రాయడానికి ఆవిడ కూర్చోలేకపోయింది. పడుకుని చెప్పేది, నేను టైపు చేసేదాన్ని. ఈసారి పద్ధతి మార్చింది. అనుమతి ఉన్న డబ్బాల మీదే కాకుండా, కార్డు ఎప్పటికైనా ముట్టుకోగల అలమర మొత్తం మీద మొదటినుంచీ కన్నేసి ఉంచమని కార్డుకి చెప్పాలి. అంత మేర చూడగల శక్తి ఆ కార్డుకి లేకపోతే, ప్రయాణమే మొదలుపెట్టకూడదు. ఎందుకు కదలనో చెప్పి ఆగిపోవాలి.

ఆ చెప్పే వాక్యం దగ్గర నాకు విసుగొచ్చేంత పేచీ పెట్టింది. కోడ్ అంతా ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం ఒక ఎత్తు. "కసురుకున్నట్టు ఉండకూడదే. బయపెట్టకూడదు. నాకు సేతకాదు, ఇందుకు సేతకాదు అని మర్యాదగా సెప్పాలి" అనేది. దిద్దించి, చదివించుకుని, మళ్లీ దిద్దించేది. "ఇంత సిన్నదానికి ఎందుకత్తా?" అంటే, "నేను రాసిందంతా లోపలుంటాది, ఎవులూ సూడరు. మనిషికి కనబడేది ఈ మాటొక్కటేనే" అంది.

కొత్తది పంపించాక, ఆఖరిసారి నేను చూసినప్పుడు మాట బాగా సన్నగిల్లిపోయింది. "ఏటన్నారు?" అని అడిగింది.

"ఇంకా చూస్తున్నారు అత్తా."

"సూడనీ. బాగా సూడనీ" అంది.

పెద్దకర్మ అయ్యాక వచ్చింది ఒప్పుకోలు. మార్పు ఆవిడ పేరుతోనే లోపలికి వెళ్లింది. కొత్త కార్డులున్నచోట చుట్టం ఆగకుండా కదిలిందని ఎక్కడెక్కడివాళ్లో రాశారు. నాన్న ఆ కాగితం ఏదో అచ్చు తీసి తెమ్మన్నారు గానీ, చేతిలో పట్టుకుని చదవలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు.

తర్వాత కంపెనీవాళ్లు పెట్టెలు వెనక్కి పంపమన్నారు. ముందు కోటపాడు ఇచ్చేద్దామని ఒక సాయంత్రం అమ్మా నేనూ మేడెక్కాం. కోటపాడు లోపల అత్త మొదలుపెట్టిన చుట్టం ఇంకా నడుస్తూనే ఉంది. అది చేసే పని ఒక్కటే, సెకనుకోసారి టైము చూపిస్తుంది. ఈ గదికొచ్చిన కొత్తలో ఆవిడ మొదలుపెట్టింది, ఆ తర్వాత ఎప్పుడూ ఆపలేదు. కార్డు ఊడదీసి కదిలించే పాత పద్ధతిలో ఎన్నోసార్లు చీడికాడ వెళ్లి వచ్చింది. ఇప్పుడు ఆవిడ మార్పుతోనే, ఆవిడ చుట్టాన్ని చీడికాడ చేర్చి, ఆ పెట్టె కొనుక్కునైనా నాతో ఉంచేసుకోవాలని నా ఆశ. ఆవిడ చేత్తో మొదలైంది ఒకటైనా ఆగకుండా ఉండాలి. చాప మీద కూర్చుని, పీట దగ్గరికి లాక్కుని, కదలమని ఆజ్ఞ ఇచ్చాను.

కదల్లేదు. తెర మీద ఒక వాక్యం వచ్చింది.

"ఏటంతంది?" అని అమ్మ అడిగింది.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని అమ్మకి తెలుగులో చదివాను. "ఈ కార్డు రాయగల చోటంతా నేను చూడలేను. అందుకని కదలను."

కోటపాడులో ఉన్నది పాత కార్డు. దాని సంగతి నేను మర్చిపోయాను. ఆ వాక్యం మర్చిపోలేదు.

అమ్మ వంగి తెర వైపు చూసింది. "అచ్చం దాన్లాగే మాటాడుతంది" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

కార్డు తీసేసి కదిలించొచ్చు, కానీ అందులో అత్త చేసిందేమీ ఉండదు. అడ్డం పెట్టిన మాటని తప్పించి, అత్త తీసుకోవద్దన్న మొదటి పద్ధతిలో తోసెయ్యొచ్చు. అలా చేస్తే ఆ గడియారం చీడికాడలో ఎంచక్కా నడుస్తుంది. లోపల ఏం పోయిందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు.  నేను చుట్టాన్ని ఆగమన్నాను. టైము చూపిస్తూ చూపిస్తూ ఒక సెకను దగ్గర ఆగిపోయింది. కోటపాడు స్విచ్చి కట్టేశాను. ఎలాగూ ఒంటరిగా దానికి పని లేదని చీడికాడ కూడా కట్టేశాను. ఫ్యాన్లు నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోయాయి.

కింద పెరట్లోంచి పక్కింటావిడ తల పైకెత్తి కేకేసింది. "ఏటమ్మా, ఆ సప్పుడాగిపోయింది?"

అమ్మ కిటికీ దగ్గరికెళ్లి, "ఔనమ్మా, ఆగిపోయింది" అని చెప్పింది.