మెడికల్‌కి ముందు జిలేబీ

షుగరు మాత్ర రేకులోంచి బయటికి రాగానే ఎండుచేప వాసన వేస్తుంది. రోజూ పొద్దున్నే ఆ వాసన పీలుస్తూ, ఇంకెన్నాళ్ళీ గోల అని విసుక్కుంటాను. ఆ విసుగు వెనకాలే సింహాచలం గారు గుర్తొస్తారు. తొంభైల మొదట్లో బిలాస్‌పూర్‌లో ఆయన గూడ్సు డ్రైవరు, నేను ఆయన పక్కన కూర్చునే అసిస్టెంటుని. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఇంజను నడపడం నాకు నేర్పింది ఆయనే, తిట్లతో సహా.

బండి ఆగినప్పుడు చక్రాలు చూసుకుంటూ పెట్టెల వెంట నడిచేవాళ్ళం. ఆయన సగంలో ఆగి పిక్క పట్టుకునేవారు. చివరికి ఒకరోజు నా స్కూటరు మీద తోర్వా పేటలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ చూసి, షుగరుంది, లివరుకి కొవ్వు పట్టింది అన్నాడాయన హిందీలో.

సింహాచలం గారు నా వైపు తిరిగి, "నానెప్పుడూ సారా ముట్టనేదు. లివరుకి కొవ్వేటిరా?" అన్నారు.

తాగనివాళ్ళకీ పడుతుందని, షుగరు తోడైతే కాళ్ళలో, గుండెలో రక్తనాళాలు పూడుకుపోతాయని, రెండు రకాల మాత్రలు రోజూ తప్పకుండా వేసుకోవాలని డాక్టరు చెప్పాడు.

రోజూ ఎవరు వేసుకుంటారు? షుగరని తెలిస్తే ఇంజను నుంచి దించేస్తారని మా డ్రైవర్లందరికీ భయం. అందుకే రైల్వే డాక్టరు చేసే మెడికల్ పరీక్ష దగ్గరపడగానే అన్నం మానేసి, కాకరరసం తాగి, మాత్రలు రెట్టింపు మింగేవారు. ఫిట్ అని రాయించుకుని, తిన్నగా స్టేషను ముందు కొట్టుకెళ్ళి జిలేబీ తినేవారు. మాత్రలు మళ్ళీ మెడికల్ దాకా అటక మీదే.

ఆ ఏడాది మెడికల్ ముందు సింహాచలం గారూ అదే పనిలో ఉన్నారు, పస్తుండి రెట్టింపు మాత్రలు మింగుతూ. మధ్యాహ్నం డ్యూటీ. ఎదురుగా ఎర్ర సిగ్నల్ పడింది. ఆయన దాన్నే చూస్తున్నారు కానీ చెయ్యి కదలడం లేదు. ఒళ్ళంతా చెమట. "గురువు గారూ, రెడ్!" అని అరిచి, నేనే వంగి బ్రేకు వేశాను. సిగ్నల్‌కి కొంచెం ఇవతల బండి ఆగింది. నా గుండె ఆగలేదు, అదే పదివేలు. షుగరు పడిపోయిందని తెలిసి, ఫ్లాస్కులో చక్కెర టీ పట్టించాక ఆయన నోరు విప్పారు.

"సిగ్నల్ అగుపడ్డాదిరా. ఏటి సెయ్యాలో తెలీనేదు."

మెడికల్ రోజున ఆసుపత్రి వరండా నిండా పస్తున్న మొహాలే. సింహాచలం గారు జిలేబీ పొట్లం పట్టుకొచ్చి, అందరి మధ్యా కూర్చుని ఒక్కొక్కటే తిన్నారు.

"ఇదేటి గురువు గారూ, ముందే తినీసినారు!" అన్నాను.

"పాసైపోతానని బయమేసి తిన్నానురా."

ఇంజను దింపి షెడ్డులో కుర్చీ ఇచ్చారు. కూర్చున్న కొమ్మ నరుక్కున్నాడని అందరూ నవ్వారు. ఆ తర్వాత ఒక్క పూట కూడా మాత్ర మానలేదాయన. కానీ పూడుకుపోయిన నాళాలు మంచి బుద్ధి కోసం ఆగుతాయా? ముందు కాలి వేలు తీశారు, కొన్నేళ్ళకి గుండె ఆగింది. మొదటినుంచీ వేసుకుని ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవారేమోనని నాకిప్పటికీ కోపమొస్తుంది. ఎవరి మీద చూపించను?

తర్వాత నాకూ షుగరు వచ్చింది, లివరుకి కొవ్వూ పట్టింది. నా మెడికల్ రోజున స్టేషను ముందు కొట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఏడుపొచ్చింది. జిలేబీ తినే ఆసుపత్రిలోకి వెళ్ళాను.

ఇప్పటికీ గూడ్సు కూత వినపడితే చెయ్యి బ్రేకు కోసం లేస్తుంది. ఆ చేత్తోనే మాత్ర నోట్లో వేసుకుంటాను.